ఆఫ్రికా పాటలో అమ్ముడైన ఉల్లిపాయల లారీ

దగ్గులు తీసే ఉద్యోగం

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. ఏ మైకు కొనాలండీ, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలండీ అని. అవన్నీ దుకాణంవాడు చెబుతాడు. వాడు చెప్పనిది నేను చెబుతాను. రికార్డింగ్ ఇంజనీరు పనిలో సగం దగ్గులు తీసేయడం. మిగతా సగం, పాడినాయన బయటికొచ్చి "ఎలా ఉందండీ?" అని అడిగినప్పుడు మొహంలో ఏమీ కనపడకుండా చూసుకోవడం. మొదటిది ఎవరైనా వారంలో నేర్చుకుంటారు. రెండోది నాకు రిటైరయ్యేదాకా పూర్తిగా పట్టుబడలేదు.

నేను పనిచేసింది ఏలూరు పవర్‌పేటలో ఒక మేడమీది స్టూడియోలో. గోడలకి గుడ్ల అట్టలు అంటించి, వాటిమీద మెరూన్ రంగు గుడ్డ కప్పి, దాన్ని సౌండ్‌ప్రూఫ్ అనేవాళ్ళం. రైలు వస్తే ఆ గుడ్డా, ఆ అట్టలూ, మేమూ అందరం కలిసి వణికేవాళ్ళం. అందుకని రైలుకీ రైలుకీ మధ్య పాడించేవాళ్ళం. బాగా పాడేవాళ్ళ దురదృష్టమేమిటో గాని, వాళ్ళు పల్లవి ఎత్తుకోగానే గూడ్సు వచ్చేది. అపస్వరంగా పాడేవాళ్ళకి మాత్రం లైను ఎప్పుడూ క్లియరే.

మా ఓనరు నరసింహమూర్తి గారికి సంగీతం గురించి ఒకే సిద్ధాంతం. డబ్బిచ్చినాయన శ్రుతిలోనే ఉన్నట్టు లెక్క. ద్వారకా తిరుమల కొండ కింద దుకాణాల్లో అమ్మే వెంకన్న పాటలూ, మా చర్చివాళ్ళ క్రిస్మస్ పాటలూ, ఎన్నికలొస్తే పార్టీ పాటలూ అన్నీ మా దగ్గరే తయారయ్యేవి. ఒక ఏడాది తీరిక లేక మూడింటికీ ఒకటే కీబోర్డు ట్రాకు వాడేశాం. ఎవరూ ఏమీ అనలేదు. పైగా ఎవరికి వారు వచ్చి, ఈసారి మ్యూజిక్ కొత్తగా ఉందండీ రత్నం గారూ అని మెచ్చుకుని వెళ్ళారు. నేను చర్చి క్వయర్లో పెరిగినవాణ్ణి, కాస్తో కూస్తో చెవి ఉన్నవాణ్ణి. నాకు సిగ్గేసింది. నరసింహమూర్తి గారికి వెయ్యలేదు. ఆయన చాలా సుఖంగా బతికారు.

సింహం ఎప్పుడొస్తుందండీ?

సీడీలు వచ్చేసినా క్యాసెట్లు ఇంకా పూర్తిగా పోని రోజులవి. కొల్లేటి లోపలి చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టించేసిన ఏడాది, సత్యంబాబు గారని ఒక చెరువుల యజమాని మా మెట్లెక్కారు. ఇన్నాళ్ళూ నీళ్ళల్లో పెట్టాం, పోయింది, ఇంక సినిమాలో పెడదామని వచ్చాను అన్నారు. బొంబాయిలో ఎవరో బ్రోకరు ఆయనకి ఒక ఆఫ్రికా సినిమా తెలుగు డబ్బింగ్ హక్కులు అంటగట్టాడు. అంతకుముందు పాములూ మొసళ్ళూ ఉన్న డబ్బింగ్ సినిమాలు తాడేపల్లిగూడెంలో విరగబడి ఆడాయి. ఆఫ్రికా అన్నారు కాబట్టి ఇందులో సింహం గ్యారంటీ అనుకున్నారు సత్యంబాబు గారు. చూడకుండా కొనేశారు. చేపపిల్లల్ని కూడా అలాగే కొనేవారట.

మా స్టూడియోలో టీవీ పెట్టి అందరం చూశాం. పెద్ద పెద్ద భవనాలు, ట్రాఫిక్ జాములు, సెల్‌ఫోన్లు, జీన్సు ప్యాంట్లేసుకున్న అమ్మాయిలు. ఇంటర్వెల్ దాకా సత్యంబాబు గారు ఓపికపట్టారు. తర్వాత నెమ్మదిగా నావైపు వంగి, "సింహం ఎప్పుడొస్తుందండీ?" అని అడిగారు. వచ్చేలా లేదండీ అన్నాను. పోనీ ఏనుగైనా ఉంటుందేమో చూడమన్నారు. ఏనుగూ లేదు. ఇదేం ఆఫ్రికా అండీ బాబూ, హైదరాబాదులా ఉంది అని ఆయన నిజంగా బాధపడ్డారు. ఆ బాధ నేను ఇవాళ్టికీ తలుచుకుని నవ్వుకుంటాను గాని, అప్పుడు ఆయన్ని చూస్తే జాలేసింది. పోస్టరు మీద మాత్రం సింహం పడింది. హీరో వెనకాల, నోరు తెరుచుకుని.

కథ చిన్నదే. ఒక మహానగరంలో చిన్న వ్యాను తలుపు పట్టుకుని వేలాడుతూ ప్యాసింజర్లని పిలిచే కుర్రవాడు, ఆ పిలుపులనే పాటగా కట్టి గాయకుడవుతాడు. సినిమా అంతా పాటలే. ఆఫ్రికా నగరాల్లోని కుర్రకారు పాడే హిప్‌హాప్, వాళ్ళు వీధుల్లో వేసే డాన్సు మ్యూజిక్. సినిమాతో పాటు పాటల సీడీ కూడా వచ్చింది. సత్యంబాబు గారికి అది అక్కర్లేదని నా దగ్గర పడేశారు.

ఆ సీడీ విన్న రోజు నేను మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళలేదు. మనం పాటలో ప్రతి సందులోనూ ఏదో ఒక వాయిద్యం కూరుతాం, పెళ్ళి బస్సులో జనాన్ని కూరినట్టు. వాళ్ళు ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీలో బేస్ దిగుతుంటే చెవికి కాదు, ఛాతీకి తెలిసేది. దానిమీద కుర్రవాడు వ్యాను పిలుపులు పిలుస్తాడు. ఏ భాషో తెలియదు, ఏ ఊరి పేర్లో తెలియదు. అయినా మన బస్టాండులో ఏలూరు ఏలూరు, గూడెం గూడెం అని అరిచేవాడి గొంతే అది. అదే తొందర, అదే వెక్కిరింపు. పిలుపు ఆగిన చోట ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి ఎత్తుకుంటారు. నాకు ఒళ్ళు జలదరించింది. ఇంత పని చేసిన వాళ్ళందరి పేర్లూ లోపలి కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. మేమేం చేశామంటే, పలకడం రావడం లేదని ఆ పేర్లన్నీ తీసేసి, సంగీతం అన్న చోట సత్యంబాబు గారి అల్లుడి పేరు వేశాం. ఆ అల్లుడు గారికి ఐసు ఫ్యాక్టరీ ఉండేది.

పాటలకి తెలుగు మాటలు కావాలి గదా. ఒక రిటైర్డ్ తెలుగు లెక్చరరు గారిని తెచ్చారు. మంచి మనిషి, ఛందస్సు మీద ప్రాణం. వ్యాను కుర్రవాడి పాటకి ఆయన రాసిన మొదటి మాట "ఓ శకట సారథీ". హీరో తెరమీద తలుపు పట్టుకుని వేలాడుతూ, చూయింగ్ గమ్ నములుతూ, శకట అన్నాడు. నేను మొహంలో ఏమీ కనపడకుండా చూసుకోవాలని శతవిధాలా ప్రయత్నించాను. నావల్ల కాలేదు, బాత్‌రూములోకి పారిపోయాను.

గూడెం మార్కెట్టు గొంతు

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. ఆ తెలివి నాదే, దాని ఫలితం కూడా నేనే చూశాను. అలా గుక్క తిప్పుకోకుండా, తాళం తప్పకుండా, ఎదుటివాణ్ణి ఆటపట్టిస్తూ మాట్లాడేవాళ్ళు మన జిల్లాలో లేకపోలేదు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టులో వేలం వేసే వీర్రాజు గారు ఉన్నారు.

ఆయన్ని చూడాలంటే పొద్దున్నే వెళ్ళాలి. సిల్కు లాల్చీ, నల్ల కళ్ళద్దాలు, చేతికి మూడు ఉంగరాలు. బస్తాల వరసమీద చెప్పులు లేకుండా నడుస్తూ పిలిచేవారు:

"కర్నూలు సరుకండీ, కళ్ళజోడు పెట్టి చూడండీ,
తడి లేదు మొలక లేదు, తప్పుపట్టే పని లేదు,
భీమడోలు బాబు గారూ, బెల్లం కొట్టిన రాయిలాగ
నిలబడితే ఎలాగండీ, నోరిప్పితే పోతుందండీ..."

మధ్యలో రేటు పెరుగుతూనే ఉంటుంది. ఆ మార్కెట్టులో పద్ధతులు గట్టివి. లారీలో వచ్చిన సరుకంతా దించరు. మచ్చుకని ఒక్క బస్తా తెచ్చి విప్పి పెడతారు. దానిమీద వేలం అయితే లారీ మొత్తం అమ్ముడైనట్టే. రేటు నచ్చకపోతే సరుకు తాలూకు కమీషన్ దుకాణం ఆయన, మూడోసారి అనకముందే ఆపమనాలి. నచ్చితే తల ఊపుతాడు. తల ఊపాక, వీర్రాజు గారు మూడోసారి అన్నాక, ఇంక దేవుడొచ్చినా బేరం తిరగదు. సంతకం లేదు, రసీదు తర్వాతెప్పుడో. ఆయన నోటి మాటే మార్కెట్టు. అన్నేళ్ళలో ఆయన అమ్మిన బేరం ఒక్కటి వెనక్కి పోలేదు.

పాట సంగతి నేను సగం చెప్పేసరికే ఆయన ఒప్పేసుకున్నారు. చిన్నప్పట్నించీ సినిమా పిచ్చట, ఉల్లిపాయలే కాళ్ళకి అడ్డం పడ్డాయట. క్యాసెట్ అట్ట మీద పేరు పెద్ద అక్షరాల్లో ఉండాలన్నారు, ఫొటో కూడా వెయ్యాలన్నారు. మర్నాడే టోపీ వెనక్కి తిప్పి పెట్టుకుని, వేళ్ళు అడ్డదిడ్డంగా చాపి ఫొటో తీయించుకున్నారు. మార్కెట్టులో హమాలీ దగ్గర్నించి వర్తక సంఘం అధ్యక్షుల దాకా దాన్ని చూడనివాళ్ళు లేరు.

బస్తా లోపలికి రావాలండీ

తీరా మైకు ముందు నిలబెడితే ఆ నోరు పెగల్లేదు. చెవులకి హెడ్‌ఫోన్స్, ఎదురుగా మెరూన్ గుడ్డ. మూడు పూటలు తన్నుకున్నాం. గొంతు గట్టిగా వస్తే తాళం పోతుంది, తాళం కుదిరితే గొంతు పోతుంది. చివరికి ఆయనే చెప్పారు, ఎదురుగా సరుకు లేకుండా, కొనేవాళ్ళు లేకుండా గోడకి ఎలా అమ్మనండీ అని. సరే, తెచ్చుకోండి అన్నాను.

మార్కెట్టు సెలవు రోజున తెచ్చుకున్నారు. ఒక బస్తా, ముగ్గురు కొనుగోలుదారులు, కమీషన్ దుకాణం గంగరాజు గారు. బస్తా గంగరాజు గారిదే. ఆ పొద్దున్న కర్నూలు నుంచి వచ్చి ఆయన దుకాణం ముందు ఆగిన లారీలోంచి మచ్చుకని దించింది. వీర్రాజు గారికి మార్కెట్టులో మొదటిసారి బస్తామీద నిలబడే చోటిచ్చింది కూడా గంగరాజు గారేనట. ముగ్గురిలో ఒకాయన భీమడోలు సూర్యనారాయణ గారు. నవ్వని మనిషి. సినిమా రికార్డింగ్ ఎలా ఉంటుందో చూద్దామని వచ్చానన్నారు.

బస్తా విప్పి పాడే గదిలో పెట్టాం. గదంతా ఉల్లిపాయల ఘాటు. కొనేవాళ్ళు ముగ్గురూ లోపల, గంగరాజు గారు అద్దం ఇవతల నా పక్కన కూర్చున్నారు. ఆయనకి కూడా హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. ట్రాకుకి ఒక కొలత ఉంది, ఆ కొలత అయ్యేలోపు పిలుపు ముగించాలి, ముగియగానే ఆఫ్రికా ఆడవాళ్ళు ఎత్తుకుంటారు. నేను చెయ్యెత్తితే ముగించేయండి అని వీర్రాజు గారికి చెప్పాను.

బీటు మొదలైంది. వీర్రాజు గారు బస్తాలోంచి ఒక ఉల్లిపాయ తీసి అరచేతిలో ఆడించారు. అంతే. ఆ గొంతు ఎక్కణ్ణించి వచ్చిందో. కొనేవాళ్ళు రేటు చెబుతున్నారు, ఈయన దాన్ని అందుకుని, తిప్పి, వెక్కిరించి, బీటుమీద పెడుతున్నారు. ఆయనా ఆ బేసూ ఒకే వీధిలో పెరిగినట్టు, అది ఆయన్ని మోస్తోంది. నా వృత్తిలో అలాంటి టేక్ మళ్ళీ రాలేదు. నా పక్కన గంగరాజు గారు కళ్ళు మూసుకుని, హెడ్‌ఫోన్స్ రెండు చేతులా అదుముకుని, బీటుకి తల ఊపుతున్నారు.

ట్రాకు అయిపోవస్తోంది. నేను చెయ్యెత్తాను. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అన్నారు వీర్రాజు గారు, సరిగ్గా దెబ్బమీద. ఆడవాళ్ళు ఎత్తుకున్నారు. నేను కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. వెనక కూర్చున్న సత్యంబాబు గారు కూడా సింహాన్ని మరిచిపోయి ఈల వేశారు.

సూర్యనారాయణ గారు ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. బయటికొచ్చి, లారీ ఇవాళ పంపుతారా, రేపా అని గంగరాజు గారిని అడిగారు. అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

తల ఊపారా, లేదా

మర్నాడు సూర్యనారాయణ గారు హమాలీలని వెంటబెట్టుకుని గంగరాజు గారి దుకాణానికి వెళ్ళారు. మామూలుగా అయితే ఇంకా ఎంతో పైకి వెళ్ళవలసిన రేటు, నా ట్రాకు అయిపోవడం వల్ల సగం దారిలో ఆగిపోయింది. అదేం బేరమండీ, సెలవు రోజు, సినిమా కోసం ఆడిన ఆట అన్నారు గంగరాజు గారు. సూర్యనారాయణ గారు గొంతు పెంచలేదు. మచ్చు బస్తా ఉంది, వేలం వేసే ఆయన ఉన్నాడు, కొనేవాళ్ళం ముగ్గురం ఉన్నాం, సరుకు తాలూకు మీరు అద్దంలోంచి తల ఊపారు, మూడోసారి అయింది, ఇంకేం కావాలి అన్నారు. నేను బీటుకి ఊపానయ్యా అని గంగరాజు గారు మొత్తుకున్నారు. బీటుకి ఊపిన తల వేరు, రేటుకి ఊపిన తల వేరు అని మార్కెట్టులో ఎక్కడా లేదన్నారు సూర్యనారాయణ గారు. ఆలోచిస్తే ఆయన అన్నదాంట్లో తప్పు కనపడదు, అదే వచ్చిన చిక్కు. ఈలోగా ఉల్లిపాయల రేటు బజార్లో పెరిగి కూర్చుంది, ఆ తేడా అంతా గంగరాజు గారి నెత్తినే పడుతుంది. వర్తక సంఘంలో పంచాయితీ పెట్టారు. ఆ రికార్డింగు సీడీ చేసుకుని నన్ను రమ్మన్నారు.

వెంటనే నా మెట్లు అరగడం మొదలైంది. ముందు సత్యంబాబు గారు. ఆ మూడోసారి అన్న ముక్క ఒక్కటి కత్తిరించి సీడీ చెయ్యండి రత్నం గారూ, మీకు ఎంతసేపు పని అన్నారు. నిజమే, రెప్పపాటు పని. తర్వాత గంగరాజు గారు వచ్చి నా చేతులు పట్టుకున్నారు. పెద్దమనిషి, కళ్ళల్లో నీళ్ళు. నరసింహమూర్తి గారు కూడా తన సిద్ధాంతం ప్రకారం డబ్బిచ్చేవాళ్ళ పక్షమే. పిల్లలూ, ఈ పనిలో మీకు రోజూ ఇలాంటివి వస్తాయి. శ్రుతి పోతే సరిచేయండి, దగ్గు వస్తే తీసేయండి. మనిషి అన్న మాటని అనలేదని చెప్పడానికి మాత్రం మీ చెయ్యి వాడనివ్వకండి. ఎవరు ఏడ్చినా సరే.

ఆఖరుగా వీర్రాజు గారు వచ్చారు. కత్తిరించమని గాని వద్దని గాని అనలేదు. కుర్చీలో కూలబడి ఉంగరాలు తిప్పుకుంటూ అన్నారు.

"సినిమా అన్నాననుకోండి, రేపట్నించి ప్రతి బస్తా దగ్గరా అడుగుతారండీ. ఏవండీ వీర్రాజు గారూ, ఇది నిజం మూడోసారా, సినిమా మూడోసారా అని. నిజమన్నాననుకోండి, గంగరాజు గారు మునుగుతారు. ఆయన ఉప్పు తిన్నానండీ నేను."

ఆయన మెట్ల దాకా వెళ్ళి వెనక్కి తిరిగారు.

"అట్ట మీద నా పేరు పడుద్దాండీ, మరి?"

పడుతుందండీ అన్నాను. అప్పటికి అది నిజమే.

మార్కెట్టు మైకులో

సంఘం ఆఫీసులో సీడీ ప్లేయరు ఒక్కటే ఉంది. రేట్లు చెప్పడానికి బయట స్తంభాలకి కట్టిన నాలుగు కొమ్ము మైకులకి అది కలిపి ఉంది. విడదీయడం ఎవరికీ చేతకాలేదు. అందుచేత పంచాయితీ పెద్దలు ఎనిమిది మంది వినవలసిన సాక్ష్యం గూడెం మార్కెట్టు మొత్తం విన్నది.

బేస్ మొదలవగానే తూకం ఆగిపోయింది. వీర్రాజు గారి గొంతు వచ్చేసరికి హమాలీలు బస్తాలు భుజాన అలాగే ఉంచుకుని కాళ్ళు కదపడం మొదలెట్టారు. టీ బడ్డీ ఆయన గ్లాసుమీద చెంచాతో వాయించాడు. ఆ ఆడవాళ్ళు ఎత్తుకున్నప్పుడైతే ఈలలే ఈలలు. పాట ఆగింది. మళ్ళీ వేయండీ అని బయట్నించి కేకలు. ఇరవై ఏళ్ళు వందల పాటలు రికార్డు చేశాను. నేను చేసిన పాటకి జనం అలా ఊగడం అదే మొదలు. నాతో వచ్చిన సత్యంబాబు గారు నా చెవిలో, సూపర్ హిట్టండీ, సింహం అక్కర్లేదండీ అన్నారు. నా కళ్ళు నెత్తికెక్కాయి, ఎందుకు దాచాలి.

లోపల ఎవరూ ఊగలేదు. సంఘం అధ్యక్షులు ముసలాయన, కిరాణా వర్తకుడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని తాపీగా అడిగారు.

"వీర్రాజూ, ఇది సినిమాకి వేశావా, సరుక్కి వేశావా?"

వీర్రాజు గారు గంగరాజు గారి వైపు చూశారు. గంగరాజు గారు చేతులు జోడించారు. ఒక్కమాట. సినిమాకండీ అంటే చాలు. బేరం పోతుంది, గంగరాజు గారు బతుకుతారు, పాట ఉంటుంది, అట్టమీద పేరు ఉంటుంది. అంతా ఆయనకి కావలసినదే.

"సరుకు ఎదురుగా ఉందండి. కొనేవాళ్ళు ఉన్నారండి. మూడోసారి నా నోట్లోంచే వచ్చింది. అమ్మేశానండి."

గంగరాజు గారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. వీర్రాజు గారు లేచి ప్లేయరు దగ్గరికి వెళ్ళి, సీడీ బయటికి తీసి, నావైపు తిరిగారు.

"ఈ పాట సినిమాలో ఉండకూడదండి రత్నం గారూ. రేపు ఇది ప్రతి టీ కొట్లోనూ మోగుద్ది. రోజుకి వందసార్లు మూడోసారి అంటాను, ఎవడికీ ఏమీ అమ్మను. అప్పుడు ఇక్కడ బస్తామీద నిలబడి మూడోసారి అంటే ఎవరు నమ్ముతారండి?"

సత్యంబాబు గారు లేచి రంకెలు వేశారు. అగ్రిమెంటు ఉందన్నారు, కోర్టుకి ఈడుస్తానన్నారు. ఎవరూ పట్టించుకోలేదు. బయట జనం ఇంకా మళ్ళీ వేయమని అరుస్తూనే ఉన్నారు. అధ్యక్షులు నన్ను చూసి, ఏమంటారండీ అన్నారు. ఆయన పాట ఆయనిష్టమండీ అన్నాను. అనేశాక నాలిక కరుచుకున్నాను.

సినిమా సంగతి

గంగరాజు గారు ఆ రేటుకే లారీ ఇచ్చారు. మాట తప్పలేదు, కాని ఆ రోజు నుంచి తన దుకాణం ముందు వీర్రాజు గారిని వేలం వేయనివ్వలేదు. ఎదురుపడితే తల తిప్పుకునేవారు. మిగతా దుకాణాలవాళ్ళు మాత్రం ఆయనకే ఇచ్చారు. సూర్యనారాయణ గారు లాభం చేసుకున్నారు. నవ్వారో లేదో తెలియదు.

సినిమాకి శకట సారథి పాటే వేశాం. వీర్రాజు గారి మాటలు తీసేసిన ఆ ట్రాకు మీద లెక్చరరు గారి సమాసాలు పడుతూ లేస్తూ నడిచాయి. గూడెంలో మొదటి ఆటకి జనం బాగానే వచ్చారు, పోస్టరు చూసి. ఇంటర్వెల్లో సింహం ఎక్కడ అని గేటు దగ్గర గొడవ చేశారు. వారం తిరక్కుండానే ఎత్తేశారు. సత్యంబాబు గారు తర్వాత పెదవేగి వైపు పామాయిల్ తోటలు కొన్నారని విన్నాను, ఈసారి చూసి. ఆ ఆఫ్రికా పిల్లల అసలు సీడీ నా దగ్గరే ఉంది. లోపలి కాగితం మీది పేర్లు ఒక్కొక్కటీ కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు పలకగలను. మొదట్లోనే నేర్చుకుని ఉండొచ్చు, ఒక పూట పని.

ఒక కాపీ అయినా దాచుకోలేదా అని మీరు అడుగుతారు. ప్రతివాళ్ళూ అడుగుతారు. ఆ ఆలోచన రాకుండా ఉండటానికే కాబోలు, పంచాయితీ అయిన మధ్యాహ్నమే వీర్రాజు గారు నాతోపాటు ఏలూరు రైలెక్కారు. స్టూడియోలో కూర్చుని, సీడీ రెండు ముక్కలు చేసి నా బల్లమీద పెట్టారు. కంప్యూటర్లో ఉన్నది తెరవమన్నారు. ఒక్కసారి వింటానండీ అన్నారు. హెడ్‌ఫోన్స్ ఇచ్చాను. మొదట్నించీ చివరిదాకా విన్నారు. ఆ ఆడవాళ్ళ గొంతులు కూడా అయిపోయేదాకా విని, "బాగా వచ్చిందండి" అన్నారు. అంత అందమైన టేక్ గురించి ఆయన అన్నది అంతే.

నేను ఫైలు ఎంచి, తీసేసే మీట నొక్కాను. తెరమీద చిన్న పెట్టె వచ్చింది. అదేమంటోందండీ అని అడిగారు.

"నిజంగానే తీసేయమంటారా అని అడుగుతోందండి."

"ఎన్నిసార్లు అడుగుద్దండి?"

"ఒక్కసారేనండి."

ఆయనకి అది నచ్చలేదు. అలాంటివి ఒక్కసారి అడిగితే ఎలాగండీ అన్నారు. లేచి నిలబడ్డారు. లాల్చీ సర్దుకున్నారు. తెర వైపు చూస్తూ, మార్కెట్టులో పిలిచే గొంతుతో, ఒకటోసారి అన్నారు. ఆగారు. రెండోసారి అన్నారు. నావైపు తిరిగి, ఆపేవాళ్ళకి ఇవ్వవలసిన వ్యవధి అంతా ఇచ్చారు. ఆపండీ అని నోటిదాకా వచ్చింది. ఆ సరుకు నాది కాదు.

"మూడోసారి" అన్నారు.

నేను నొక్కాను.